పెద్దది వచ్చినప్పుడల్లా

యాయిజు,
జూన్ నెల, తెరిపి లేని వాన

సముద్రం మీద చేపలతో కాపురం చేస్తున్న మా ఆయనకి,

లాస్ పాల్మాస్ రేవు నుంచి మీరు రాసిన ఉత్తరం అందింది. ఉత్తరం అంటే ఉత్తరం కాదు లెండి, నాలుగు వాక్యాలు. అందులో మూడు ట్యూనా చేపల గురించి, నాలుగోది నేనెలా ఉన్నానని. పోనీ అదైనా అడిగారు. నేను దుక్కలా ఉన్నాను. అమ్మాయి నగోయా నుంచి ఫోన్ చేసింది, అల్లుడికి జలుబట. ఇంటి సంగతులు అంతే.

నేను రాయాల్సింది ఫ్యాక్టరీ గురించి. విసుగ్గా ఉన్నా చదవండి. ఈ సంగతి నేను ఇక్కడ ఎవరికీ చెప్పుకోలేను, మీకైతే చెప్పొచ్చు. మీరు ఊళ్లోకి వచ్చి వాగేలోపు అంతా తేలిపోతుంది.

మీరు వెళ్లేటప్పటికి మేం పొడుగాటి బెల్టు ముందు వరసగా కూర్చుని పని చేసేవాళ్లం కదా. మే సెలవుల్లో ఆ బెల్టు పీకేశారు. కొత్తగా వచ్చిన సెక్షన్ పెద్ద మురామత్సు గారు బల్లలన్నింటినీ గుర్రపు లాడం ఆకారంలో పెట్టించారు. మేం ఎనిమిదిమందిమీ ఆ లాడం లోపల, ఒకళ్లకొకళ్లు వీపులు పెట్టి నిలబడాలి. కుర్చీల్లేవు. సరుకు ఒక కొసన లోపలికొచ్చి, చుట్టూ తిరిగి, పక్కనే ఉన్న రెండో కొసన బయటికి పోతుంది. కాస్త వెనక్కి తిరిగితే ఎదుటి వరసలో పని కూడా చేతికందుతుంది. మొదట్లో కాళ్లు పీకేవి, తిట్టుకున్నాను. ఇప్పుడు బాగానే ఉంది, తల తిప్పితే అందరి మొహాలూ కనిపిస్తాయి, కబుర్లకీ వీలు.

ఇంకో మార్పు కూడా ఉంది. బడిపిల్లలు గొట్టంతో ఊదుతూ మీటలు నొక్కి వాయించే మన బుల్లి వాద్యాల్ని ఇదివరకు ఒక వారం చిన్నవి, ఒక వారం పెద్దవి అని చేసేవాళ్లం. ఇప్పుడు చంటిపిల్లల చిన్నది, బడిపిల్లల మధ్యది, బ్యాండు వాళ్ల పెద్దది, మూడూ కలగలిసి ఒకదాని వెనక ఒకటి వచ్చేస్తున్నాయి. మూడింటి పనినీ కలిపి, సగటున అందరికీ సమానంగా పడేట్టు పంచానంటారు మురామత్సు గారు. చిన్నది వస్తే ఊపిరి పీల్చుకుంటాం, పెద్దది వస్తే బిగబడతాం. దాని లోపల గాలికి మోగే రీడ్లు ఎక్కువ, రీడ్ల పలకకి స్క్రూలూ ఎక్కువే. ఆ స్క్రూలు బిగించే చోటు తమియో అక్కది. నేను ఆవిడకి ముందు చోట్లో ఉంటాను. నా చేతిలోంచి ఆవిడ చేతిలోకి వెళ్తుంది సరుకు.

అసలు విషయం ఇక్కడుంది. తమియో అక్క మణికట్టు పాడైందండీ. బొటనవేలి మొదట్లో వాచి, స్క్రూ తిప్పినప్పుడల్లా ఆవిడ పెదవి కొరుక్కోవడం నేను చూస్తున్నాను. ఎవరికీ చెప్పొద్దని ఒట్టు వేయించుకుంది. "ఇంట్లో నాకెవరున్నారే? పొద్దున ఇక్కడికొచ్చి మీ అందరి గోలా వింటేగానీ నాకు తెల్లవారినట్టుండదు. ఇది కూడా పోతే గోడలతో మాట్లాడుకోవాలి" అంది. బావగారు పోయిన దగ్గర్నుంచి ఆవిడ నవ్వగా విన్నది ఈ లైన్‌లోనే, నాకు తెలుసు.

అందుకని ఏం చేస్తున్నానో చెప్తాను, తిట్టకండి. పెద్దది వచ్చినప్పుడల్లా నా పని చకచకా కానిచ్చి, ఆవిడ బిగించాల్సిన స్క్రూలు సగం నేనే బిగించి అందిస్తున్నాను. నా చేతి వేగం మీకు తెలుసు కదా, పెళ్లయిన కొత్తలో మీ వలలు కూడా మీకంటే నేనే తొందరగా అల్లాను. ఎవరికీ తెలియడం లేదు. మా తలల మీద ఒక తాడుంది లెండి. పని అందకపోతే లాగమన్నారు. లాగితే లైన్ మొత్తం ఆగి, పాట మోగుతుంది. మనవాళ్లు లాగుతారా? తన ఒక్కదాని వల్ల ఏడుగురూ చేతులు ముడుచుకుని నిలబడితే ఆ చూపులు ఎవరు భరిస్తారు? చచ్చినా లాగరు.

నిన్న పొద్దున్న, పనికి ముందు అందరం చేసే వ్యాయామం అయ్యాక మురామత్సు గారు ఒక మాట చెప్పారు. పని సర్దుబాటు బాగా కుదిరిందట, ఓబోన్ పండగ సెలవుల తర్వాత ఈ లైన్‌కి ఏడుగురు చాలట. ఒకరు "వేరే చోటికి" వెళ్తారు. అంతే చెప్పి నడుం వంచి నమస్కారం పెట్టి వెళ్లిపోయారు. వేరే చోటంటే ఏమిటో మాకు తెలియదా? కిందటేడు ఒకావిడని అలాగే పాత గోదాంలో పెట్టెలు తుడవడానికి పంపారు. రెండు నెలలకి "ఇంటి పనుల వల్ల" అని తనే మానేసింది. ఇప్పుడు ఆయన గడియారం పట్టుకుని ఒక్కొక్కరి పక్కనా నిలబడి పని కొలుస్తున్నారు. నెమ్మదిగా చేసేవాళ్లే పోతారని అందరూ అనుకుంటున్నారు. తమియో అక్క నిన్న అన్నం ముట్టలేదు.

నేనొక నిర్ణయానికి వచ్చాను. ఆయన కొలిచే ఈ రోజుల్లో అందరికన్నా నెమ్మదిగా నేనే చేస్తాను. పోతే నేనే పోతాను. పెట్టెలు తుడవాల్సి వస్తే తుడుస్తాను, నాకేం పోయింది, నోరున్నదాన్ని, ఎక్కడైనా బతుకుతాను. ఆవిడ బతకలేదు. మీరు కాదనడానికి ఎలాగూ ఇక్కడ లేరు.

మీ మాట వినని
హమాయె


యాయిజు,
ఆగస్టు, ఓబోన్ ముందు

ఏమండీ,

కొంప ముంచానండీ. ఎవరి కొంపో కాదు, తమియో అక్క కొంప. మొదట్నుంచీ చెప్తాను.

నెమ్మదిగా పని చెయ్యడం ఎంత కష్టమో మీకు తెలియదు. చెయ్యి దానంతటది పరుగెత్తుతుంది, దాన్ని పట్టి ఆపాలి. మీట తీసుకుని అటూ ఇటూ తిప్పి చూడటం, కింద పడేసి వెతుక్కోవడం, కళ్లద్దాలు తుడుచుకోవడం. ఒళ్లు మండిపోయేది. నా వెనక ఎదుటి వరసలో నిలబడి సరుకుకి పెట్టెలు మడిచే కిను ఉంది చూశారూ, ఇద్దరు పిల్లల తల్లి, నవ్విందంటే వీధి చివరికి వినిపిస్తుంది, ఆ పిల్ల ఊరుకుంటుందా?

"ఏంటక్కా, రాత్రి సాకే కాస్త ఎక్కువైందా?"

"నీ మొగుడు తాగింది వాసన చూసినా ఎక్కుతుందిలే" అన్నాను.

"మా ఆయన తాగితే పని స్పీడుగా చేస్తాడు! నువ్వేంటి తాబేలులా?"

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను, లోపల మాత్రం తల కొట్టేసినట్టయింది. ఇన్నేళ్లుగా చేతి వేగంలో నా పేరే చెప్పుకునేవాళ్లు. మురామత్సు గారు గడియారం చూసుకుని, నన్ను చూసి, ఎంతో మర్యాదగా "హమాయె గారూ, ఒంట్లో బాగాలేదా?" అని అడిగారు. వయసైపోతోందండీ అన్నాను. తమియో అక్క కూడా మధ్యాహ్నం అన్నం దగ్గర నా మొహంలోకి గుచ్చి చూసి, "నీకేమైందే?" అంది. కళ్లు మసకేస్తున్నాయని అబద్ధం చెప్పాను. తన డబ్బాలోంచి నల్ల చేపముద్ద ఒకటి తీసి నా అన్నంలో పెట్టింది. "తిను, కళ్లకి మంచిది" అంది. దాన్ని మింగలేకపోయాను.

ఇంతా చేస్తూ, పెద్దది వచ్చినప్పుడు ఆవిడ స్క్రూలు మాత్రం మానలేదు. మానితే ఆవిడ చెయ్యి దొరికిపోతుంది. అంటే ఏమైంది? నా దగ్గర సరుకు ఆలస్యమవుతోంది, ఆవిడ దగ్గరకి వెళ్లగానే చిటికెలో అయిపోతోంది. నాకు కావలసింది అదే కదా అనుకున్నాను. నేను వెనక, ఆవిడ ముందు.

ఇవాళ పొద్దున్న వ్యాయామం అయ్యాక మురామత్సు గారు మా ముందు నిలబడి పేరు చదివారు. తమియో గారు.

ఆయన నవ్వుతున్నారు. ఇక్కడికి రాకముందు పెద్ద ఫ్యాక్టరీలో తను నేర్చుకున్న పద్ధతి ఇదేనట. లైన్ సర్దినప్పుడు ఒక మనిషి మిగిలితే, మిగిలేది అందరికన్నా బాగా చేసే మనిషి కావాలట. నెమ్మదస్తుల్ని తీసేస్తే వాళ్ల మీద పనికిరారన్న ముద్ర పడుతుంది, మిగిలినవాళ్లు భయంతో చేస్తారు, రేపు ఎవరూ పని సులువు చేసే ఉపాయం చెప్పరు. అందుకని మంచి చెయ్యున్నవాళ్లని తీసి కొత్త లైన్ నేర్పడానికి పంపిస్తారట. మంచి పద్ధతే, ఎవరు కాదన్నారు? ఆ ముక్క జూన్‌లోనే చెప్పి ఏడవచ్చు కదా! ఈ పద్ధతి అందరికీ తెలిసే ఉంటుందనుకున్నారట. అడగాలన్నది మాకూ తోచలేదు, చెప్పాలన్నది ఆయనకీ తోచలేదు.

"తమియో గారు రెండో భవనంలో కొత్త లైన్ నిలబెడతారు. కొత్తవాళ్లు నేర్చుకునేదాకా ప్రతి చోటా తన చేత్తో చేసి చూపిస్తారు" అన్నారు. అందరూ చప్పట్లు కొట్టారు. ప్రతి చోటా, తన చేత్తో! ఆ చెయ్యి గిన్నె ఎత్తడానికే వణుకుతోంది. తమియో అక్క మొహం పాలిపోయింది. నడుం వంచి నమస్కారం పెట్టింది, పైకి లేవడానికి చాలాసేపు పట్టింది. అందరి ముందూ కాదని ఎలా అంటుంది? అక్కడికి వెళ్తే మొదటి రోజే బయటపడుతుంది. అప్పుడు ఇల్లే, ఆ గోడలే.

సాయంత్రం సైకిళ్ల దగ్గర ఆవిడ కోసం నిలబడ్డాను. నన్ను చూసింది, సైకిలెక్కి వెళ్లిపోయింది. అన్నీ నాకే తెలుసనుకుంటాను చూడండి, అది నా జబ్బు. ఇప్పుడేం చెయ్యాలో తోచడం లేదు. మీరుంటే ఏమనేవారో అదీ తోచడం లేదు.

బుద్ధి గడ్డి తిన్న
హమాయె


యాయిజు,
మర్నాడు

ఏమండీ,

నిన్నటి ఉత్తరం ఇంకా పోస్టులో వెయ్యలేదు, ఇది కూడా దాంతోనే పంపిస్తున్నాను. తొందరలో రాస్తున్నాను, అక్షరాలు కుదరకపోతే కూడబలుక్కుని చదువుకోండి.

పొద్దున్న టీ వేళ తమియో అక్క నా పక్కకొచ్చి కూర్చుంది. మామూలుగా కాదు, నావైపు చూడకుండా.

"నా స్క్రూలు ఎన్నాళ్ల నుంచి బిగిస్తున్నావే?"

"ఎప్పుడైనా ఒకటో రెండో..."

"నాకు తెలియదనుకున్నావా? చేతికొచ్చేసరికి సగం పనైపోయిన పలకని చూసి దేవుడు చేశాడనుకుంటానా? తెలిసే ఊరుకున్నాను. సిగ్గు లేక ఊరుకున్నాను." కప్పు కింద పెట్టింది. "ఇప్పట్నుంచి ఒక్కటి ముట్టుకున్నావంటే నీతో మాట్లాడను."

మళ్లీ లైన్‌లోకి వెళ్లాం. చిన్నవి వచ్చాయి, వెళ్లాయి. మధ్యది వచ్చింది, వెళ్లింది. పెద్దది నా దగ్గరకొచ్చింది. నా పని నేను చేసి, స్క్రూలు ముట్టుకోకుండా అందించాను. నా జన్మలో చేసిన కష్టమైన పని అదే. ఆవిడ మొదలుపెట్టింది. పెదవి కొరుక్కుంటోంది. నా దగ్గరకి తర్వాతది వచ్చేసింది, ఆవిడది అవలేదు. ఇంకోటి వచ్చింది. నేను చెయ్యి చాచాను. ఆవిడ నా చెయ్యి తోసేసి, పైకి చూసి, తాడు లాగింది.

పాట మోగింది. పిల్లల పాట అది, ఈ లాడం లైన్ పెట్టినప్పటి నుంచి ఒక్కసారి కూడా మేం వినలేదు. అందరి చేతులూ ఆగిపోయాయి. మురామత్సు గారు పరుగెత్తుకొచ్చారు. తమియో అక్క చేతితొడుగు తీసి, వాచిన మణికట్టు ఎత్తి చూపించింది.

"మీరు గడియారంతో కొలిచిన చేతులు నావి కావండీ. ఈమెవి. నా పని ఈమె చేస్తుంటే మీరు నన్ను మెచ్చుకున్నారు. తన పని పాడుచేసుకున్నందుకు ఈమె అందరి చేతా మాటలు పడింది. నేను కొత్త లైన్‌కి పనికిరాను. ఈ లైన్‌కి పనికొస్తానో లేదో మీరే చెప్పండి."

నాకు మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. మురామత్సు గారు నా వైపు తిరిగారు.

"హమాయె గారూ, లేని లైన్‌ని మీరు నాకు చూపించారు. అది చూసి నేను ఏడుగురికి పని పంచాను. రేపు మీరు లేనప్పుడు ఆ స్క్రూల చోట్లో నిలబడే మనిషి ఏమైపోయేది? పెద్దది వచ్చినప్పుడల్లా తనకే పని చేతకాదనుకుని ఏడ్చేది కదా?"

నిజం. నేను తమియో అక్క బరువు మోశాననుకున్నాను, ఆ బరువు ఎవరికీ కనిపించకుండా దాచాను, అంతే.

అప్పుడు వెనకనుంచి కిను అరిచింది. "ఇదేంటక్కలూ! పెద్దదాన్ని పెట్టే పెట్టె మడతపెట్టే పని లేదు నాకు, అవతలి భవనం నుంచి తయారుగా వస్తుంది. పెద్దది వచ్చినప్పుడల్లా నేనిక్కడ గోళ్లు గిల్లుకుంటూ నిలబడుతున్నాను. ఇలా తిరిగితే నాకందుతుంది, మిగతా సగం నేను బిగిస్తాను. అడిగితే కదా తెలిసేది!"

మురామత్సు గారు ఆ పిల్లని చూశారు, బల్లల మధ్య దూరం చూశారు. తర్వాత ఆయనకే నవ్వొచ్చింది. సాయంత్రానికి కొత్త పంపకం రాసి గోడకి అంటించారు. తమియో అక్క ఉంటుంది. వైద్యుడి దగ్గర కట్టు కట్టించుకుని తగ్గేదాకా స్క్రూల పని ఉండదు, ఆ తర్వాత కూడా పెద్దదాని పని కినుతో సగం. వేరే చోటికి, అదే కొత్త లైన్‌కి, వెళ్లేది నేను.

నాకు సంతోషించాలో ఏడవాలో తెలియలేదు. తమియో అక్క మీద మాత్రం పట్టలేనంత కోపమొచ్చింది. అందరి ముందూ నా గుట్టు బయటపెట్టింది. ఆవిడతో మాట్లాడకుండానే వచ్చేశాను. తప్పు నాదేనని తెలుసు, అయినా కోపం కోపమే.

ఇంకా కోపంగా ఉన్న
హమాయె


యాయిజు,
సెప్టెంబరు

ప్రియమైన సేకిచి గారికి,

ఎన్నడూ లేనిది పేరు పెట్టి రాశానని కంగారు పడకండి. ఇవాళ అలా రాయాలనిపించింది.

కొత్త లైన్‌లో చేరి రెండు వారాలైంది. ఇరవై ఏళ్ల పిల్లలు, స్క్రూడ్రైవర్ అన్నం తినే పుల్లల్లా పట్టుకుంటారు. రోజంతా అరిచి అరిచి గొంతు పోయింది. నేర్పడంలో నేను మంచిదాన్ని కాదని తెలిసింది. ఎవరైనా తడబడగానే నా చెయ్యి ముందుకెళ్లిపోతుంది. వెనక్కి లాక్కుని, "ఎక్కడ కష్టంగా ఉంది, చెప్పు" అని అడగడం అలవాటు చేసుకుంటున్నాను. అడిగితే చెప్తారండీ. ఆశ్చర్యం!

మధ్యాహ్నం పాత లైన్ కిటికీ దగ్గర ఆగి చూశాను. తమియో అక్క కట్టు విప్పి పనిలోకి వచ్చింది. పెద్దది వచ్చింది. కాస్త చేసింది, కిను వెనక్కి తిరిగి అందుకుంది, ఏదో అంది, తమియో అక్క పగలబడి నవ్వింది. నేను లేకుండా ఎంత చక్కగా సాగిపోతోందో! సంతోషంతో కళ్లు తుడుచుకున్నాను. కాస్త కుళ్లు కూడా ఉంది, మీ దగ్గర దాచడమెందుకు.

ఆదివారం ఆవిడ మా ఇంటికొచ్చింది. గుమ్మంలో నిలబడి, "కోపం అరిగిందా, ఇంకా ఉందా?" అంది.

"కాస్త మిగిలింది. లోపలికి రా" అన్నాను.

చాలాసేపు ఊరి కబుర్లే చెప్పుకున్నాం. లేవబోతూ అంది: "నువ్వు నాకోసమే చేశావు. ఆ ప్రేమ నేను మర్చిపోను. కానీ హమాయే, ఆ రోజుల్లో నీ పక్కన నిలబడటం ఎంత కష్టంగా ఉండేదో తెలుసా? నువ్వు నన్ను మోస్తున్నావని తెలుసు, నువ్వు చెప్పవు, నేను అడగను. దానికన్నా ఈ వాపు నయం."

నేను క్షమించమన్నాను. ఆవిడ నా జుట్టు సరిచేసి, "సరేగానీ, నీకు బరువైతే ఎవరికి చెప్తావు?" అని అడిగింది.

"నాకేం బరువే? నేను దుక్కలా ఉన్నాను."

ఆవిడ వంటగదిలో ఆరబెట్టిన ఒక్క గిన్నెనీ, ఒక్క కప్పునీ చూసి, నా చెయ్యి నొక్కి వెళ్లిపోయింది. తలుపు వేసుకున్నాక ఏడుపు ఆగలేదండీ. ఎందుకేడుస్తున్నానో మొదట నాకే తెలియలేదు, తర్వాత తెలిసింది.

మీ పడవ కదిలిన ప్రతిసారీ రేవులో వీడ్కోలుకి పట్టుకునే రంగు కాగితాల పట్టీ ఒక కొస నా చేతిలో, ఒక కొస మీ చేతిలో. అది తెగేదాకా నవ్వుతూనే నిలబడ్డాను. మిగతా ఆడవాళ్లు ఏడుస్తుంటే గర్వంగా ఉండేది. ఒక్కసారైనా వెళ్లొద్దనలేదు. ఉత్తరాల్లోనూ వేళాకోళమే. ఈవిడకేం బాధ లేదు అనుకునే కదా మీరు తిరిగొచ్చిన ప్రతిసారీ ఇంకో పడవకి సంతకం పెట్టారు. మీ తప్పెలా అవుతుంది? నేను చూపించిందే మీరు చూశారు.

అందుకని ఇప్పుడు నిజం రాస్తున్నాను. సాయంత్రాలు నాకు చాలా కష్టంగా ఉంటోంది. రేడియో పెట్టుకుని అన్నం తింటాను, ఏం తిన్నానో తెలియదు. వానపడితే మీ పడవ మీద కూడా పడుతోందా అనుకుంటూ కూర్చుంటాను. ఈ ఇల్లు నేనొక్కదాన్నే మొయ్యలేకపోతున్నాను, సేకిచి గారూ. వసంతంలో మీ పడవ యాయిజు రేవుకి చేరాక మళ్లీ ఎక్కకండి. నా దగ్గరే ఉండిపోండి.

ఆలోచించి జవాబు రాయండి. కుదరదంటే కుదరదని రాయండి, తట్టుకుంటాను. కానీ ఈవిడ ఎప్పుడూ తన నోటితో అడగలేదని మాత్రం ఇక అనుకోకండి. అడిగాను.

మీరు రావాలని కోరుకుంటున్న
హమాయె